పసుపుపచ్చ బొమ్మ మీద బెంగ చాలు

యాహూ మెసెంజర్ మీద తెలుగులో వచ్చే జ్ఞాపకాలన్నీ దాదాపు ఒకే వ్యాసం. ఊరు మారుతుంది, ఇంటర్నెట్ సెంటర్ పేరు మారుతుంది, అంతే. ప్లైవుడ్ అరలు, గంటకు ఇరవయ్యో ముప్ఫయ్యో రూపాయలు, ఎవరో అమ్మాయి ఐడీ, బజ్ కొడితే గడగడా ఊగిన విండో, పసుపుపచ్చ నవ్వుమొహం, చివర్లో "ఆ రోజులే వేరు". చదివినవాళ్లు ఒక నిట్టూర్పు విడిచి దాన్ని వాట్సాప్‌లో ఇంకొకరికి పంపిస్తారు. ఇంకోవైపు పెద్దలున్నారు. ముఖ్యంగా సభల్లో మూడో వక్తగా మాట్లాడే పెద్దలు. చాటింగ్ వచ్చి తెలుగు చచ్చిపోయిందని ఇరవై ఏళ్లుగా చెబుతూనే ఉన్నారు, తెలుగు వింటూనే ఉంది. ఈ రెండు జట్లకూ ఒకరంటే ఒకరికి పడదు గానీ, నాకు రెండూ ఒకటే. ఒకరికి అది ఆటబొమ్మ, ఇంకొకరికి అది చీడ. అక్కడ లక్షలమంది కూర్చుని ఏళ్ల తరబడి తెలుగు రాశారన్న సంగతి ఇద్దరికీ పట్టదు.

నేను కోడ్ రాసి బతికేవాణ్ణి. పుస్తకాల మీద రాయడం ఆదివారాల పని. రెండు వైపుల నుంచీ చూసి చెబుతున్నాను: ఆ మెసెంజర్ మూతపడటం తెలుగు వచనానికి జరిగిన నష్టం. ఆ నష్టం ఎంతో లెక్క కట్టకుండా బెంగపడి ఊరుకున్నాం కాబట్టే, ఇప్పుడు ఇంకా పెద్ద మూట నెత్తిన పెట్టుకుని మళ్లీ అదే గోతివైపు నడుస్తున్నాం.

ఈ పత్రిక చదివేవాళ్లలో చాలామంది దాన్ని చూసి ఉండరు కాబట్టి వస్తువేమిటో ముందు చెప్తాను. 1998 మార్చిలో 'యాహూ పేజర్' అన్న పేరుతో వచ్చింది. మరుసటేడు మెసెంజర్ అయింది. ఇలాంటి వాటిలో అది మొదటిదేం కాదు. ఇజ్రాయెల్‌లో మిరాబిలిస్ అనే చిన్న కంపెనీ 1996లోనే ఐసీక్యూ తెచ్చింది, 1997లో ఏఓఎల్ వాళ్ల ఏఐఎం వచ్చింది, 1999లో మైక్రోసాఫ్ట్ ఎంఎస్ఎన్ దిగింది. మన దగ్గర యాహూ నిలబడటానికి పెద్ద రహస్యం లేదు. మెయిల్ ఐడీ ఉంటే చాలు, అదే మెసెంజర్ ఐడీ. మెయిల్ ఐడీ అంటే యాహూ ఐడీయే అనుకునే రోజులు. ఉద్యోగం దరఖాస్తుకని తెరిచిన అకౌంటు సాయంత్రానికి ముచ్చట్లకు పనికొచ్చేది.

స్క్రీను కుడి అంచున ఒక సన్నటి విండో. అందులో స్నేహితుల పేర్లు. లైన్లో ఉంటే పసుపు మొహం, లేకపోతే బూడిద రంగు. ఎవరైనా వస్తే తలుపు కొట్టిన చప్పుడు. అవతలివాళ్లు టైప్ చేస్తుంటే కింద ఆ సంగతి కనబడేది. లైన్లో లేనివాళ్లకు రాసి పెడితే వాళ్లు వచ్చినప్పుడు అందేది. కంట్రోల్, జీ కలిపి నొక్కితే బజ్. వాయిస్, వెబ్‌క్యామ్, మాట్లాడే కార్టూన్ బొమ్మలు, చాట్ వెనకాల కదిలే రంగుల తెరలు. వీటి గురించి ఇంతకన్నా చెప్పను, ఇప్పుడున్నవి వీటికన్నా మెరుగు.

చెప్పాల్సింది పేరు పక్కన ఉండే ఆ ఒక్క వాక్యం గురించి. బిజీ, ఫోన్లో ఉన్నా, ఇప్పుడే వస్తా అని తయారుగా ఉన్నవి కొన్ని, మనం రాసుకునేవి కొన్ని. స్టేటస్ అంటే ఇప్పుడు ఫొటో. అప్పుడు అది వాక్యం. ఉన్నానో లేనో నేను ప్రకటిస్తేనే లోకానికి తెలిసేది. అందరికీ కనబడకుండా దాక్కోవచ్చు, ఫలానా ఒక్కరికి మాత్రమే ఎప్పటికీ లేనట్టు ఉండొచ్చు కూడా. మా మేనమామ గోదావరిఖనిలో బొగ్గుబాయి పనిచేసేవాడు. బాయి దిగేముందు దీపం తీసుకోవాలి, ఎక్కినంక అప్పజెప్పాలి. దీపం గూట్లో లేదంటే మనిషి లోపల ఉన్నట్టు. మెసెంజర్లో సైన్ ఇన్, సైన్ ఔట్ నాకు ఎప్పుడూ ఆ దీపంలానే అనిపించేది. మౌస్ కదలకపోతే కాసేపటికి అదే 'ఐడిల్' అని చూపించేది, నిజమే, యంత్రం నిఘా అప్పుడే మొదలైంది. కానీ మాటకు ఒక మొదలు, ఒక చివర ఉండేవి. "సరే పోతున్న, గంట అయిపోయింది" అని మనిషి లేచి వెళ్లేవాడు. ఇప్పుడు ఎవరూ ఎక్కడికీ వెళ్లరు. నీలం టిక్కులు పడతాయి, జవాబు రాదు, సంభాషణ మొదలవదు, అయిపోదు.

అయితే నా అసలు వాదన దీని మీద కాదు, భాష మీద.

మా ఇల్లు జ్యోతినగర్. రామగుండం ఎన్టీపీసీ టౌన్‌షిప్‌ది ఆ పేరు. పక్కనే 2,600 మెగావాట్ల ప్లాంటు, అవతల గోదావరిఖని, సింగరేణి బాయిలు, మధ్యలో 1999లో ఆగిపోయిన ఎరువుల ఫ్యాక్టరీ. కోస్తా నుంచి వచ్చిన ఇంజనీర్ల పిల్లలు, ఉత్తరాది నుంచి వచ్చినవాళ్ల పిల్లలు, మాలాగా చుట్టుపక్కల ఊళ్లవాళ్ల పిల్లలు ఒకే బడిలో. దాంతో నాకు చిన్నప్పుడే మూడు తెలుగులు వచ్చు. పుస్తకంలో తెలుగు, క్వార్టర్ల మధ్య ఆడుకునేటప్పుడు మాట్లాడే మర్యాద తెలుగు, ఇంట్లో "ఎటు వోతున్నవ్‌రా" తెలుగు. మొదటిది రాయడానికి, రెండోది మాట్లాడటానికి. మూడోది గడప దాటకూడదు. వ్యాసంలో "వోయిండు" అని రాస్తే ఎర్ర సిరా గీత. మూడో తెలుగు కూడా రాయదగ్గదేనని బడిలో ఎవరూ చెప్పలేదు.

2005, 2006 ప్రాంతంలో గేటు బయటున్న ఇంటర్నెట్ సెంటర్లో ఆ మూడో తెలుగు రాతలోకి వచ్చింది. మా పెద్దమ్మ కొడుకు అప్పుడు మస్కట్‌లో ఉండేవాడు. పదో తరగతి తప్పి పోయినవాడు. అంతకుముందు ఉత్తరం రాస్తే "ఉభయకుశలోపరి" అని మొదలుపెట్టి, "ఇక్కడ నేను క్షేమం, అక్కడ మీరందరూ క్షేమమని తలుస్తాను" అని రాసి, డబ్బు సంగతి ఒక వాక్యం రాసి ముగించేవాడు. ఆ నాలుగు వాక్యాల్లో మనిషి ఎక్కడా లేడు. అదే మనిషి మెసెంజర్లో "ఏం జేస్తున్నవ్ తమ్మీ, చిన్నమ్మ మంచిగున్నదా, చిన్నబాపు డ్యూటీకి వోయిండా" అని మొదలుపెట్టి గంటసేపు ఆగకుండా రాసేవాడు. క్యాంపులో వంట ఎవరు చేస్తరు, ఎండల ఎన్ని సార్లు తల తిరిగింది, ఎవడు ఎవని దగ్గర ఎంత బాకీ. రోమన్ అక్షరాల్లో. ఒక్క చుక్క, కామా లేకుండా. నేను చదివిన మంచి తెలుగు వచనంలో అదొకటి. ఇది అభిమానం కొద్దీ అంటున్న మాట కాదు, వచనం మీద రాసేవాడిగా అంటున్నాను.

ఉత్తరంలో రాని మనిషి మెసెంజర్లోకి ఎలా వచ్చాడు? పెద్దలు "రోమన్ తెలుగు" అని ముక్కు చిట్లించే ఆ రాతే కారణమని నా వాదన. తెలుగు లిపిలో రాయాలంటే ప్రతి మాట దగ్గరా ఒక పరీక్ష ఉంటుంది. లనా ళనా, ననా ణనా, శనా షనా, వత్తు ఉందా లేదా. ఆ పరీక్షలో తప్పితే అది కేవలం అక్షరదోషంగా పోదు. ఏ ఇంట్లో పుట్టావో, ఎంత చదివావో బయటపడుతుంది. ఇంటర్నెట్ సెంటర్ రోమన్‌లో ళ లేదు. ణ లేదు. కాబట్టి ళ రాదని వెక్కిరించేవాడూ లేడు. మా అన్న చేతికి కట్టిన తాడు అక్కడ తెగింది. అందులోనూ తేడాలున్నాయి. అమెరికాలో చదువుకున్న తెలుగువాళ్లు తొంభైల్లో రైస్ యూనివర్సిటీ నుంచి ఆర్టీఎస్ అనే పద్ధతి తయారుచేశారు. అందులో పెద్ద 'ఎల్' కొడితే ళ, పెద్ద 'ఎన్' కొడితే ణ. చక్కటి ఇంజనీరింగ్, నేను మెచ్చుకుంటాను. కానీ ఆ పద్ధతి వచ్చినవాళ్లకు వర్ణమాల ముందే వచ్చు. మెసెంజర్ రోమన్‌కు పద్ధతే లేదు, అందుకే దానికి ప్రవేశ పరీక్ష కూడా లేదు.

తెలుగు లిపిలోనే ఎందుకు రాయలేదు అని అడిగే తమ్ముళ్ల కోసం ఒక మాట. యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచీ ఉంది. విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటు కూడా ఉంది. కానీ కంట్రోల్ పానెల్లోకి వెళ్లి క్లిష్టమైన లిపుల పెట్టెకు టిక్కు పెట్టి, ఎక్స్‌పీ సీడీ వేసి, మెషీన్ మళ్లీ స్టార్ట్ చేస్తే తప్ప అక్షరాలు కుదురుగా కనబడవు. సెంటర్ ఓనర్ మిమ్మల్ని కంట్రోల్ పానెల్ ముట్టుకోనిస్తాడా? ఒకరు కష్టపడి తెలుగులో పంపినా అవతల డబ్బాలు. లేఖిని లాంటివి వచ్చి తెలుగు టైపింగ్ తేలికయ్యేసరికి ఒక తరం రోమన్‌లో మాట్లాడేసుకుంది.

1914లో గురజాడ తన అసమ్మతి పత్రం రాసింది బడి పిల్లలు రాయాల్సిన తెలుగు ఏది అన్న తగాదాలో. ఆ తగాదాలో వ్యావహారికం గెలిచిందని చదువుకున్నాం. పుస్తకాల్లో గెలిచింది, అదీ ఒక ప్రాంతపు వ్యావహారికం. మా చుట్టుపక్కల మనుషుల మాట కథల్లోకి రాలేదని అనను. అల్లం రాజయ్య లాంటివాళ్లు ఎప్పుడో తెచ్చారు. కానీ కథకుడు ఆ మనిషి మాటను రాయడం వేరు, ఆ మనిషే కూర్చుని తన మాటను రాసుకోవడం వేరు. రెండోది పెద్ద ఎత్తున జరిగింది చాట్ విండోల్లో. సెప్టెంబరు 9న కాళోజీ పుట్టినరోజుకు తెలంగాణ భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం, సంతోషం. ఆ వేదికల మీద ఎన్నడైనా మస్కట్ క్యాంపులో మనిషి టైప్ చేసిన తెలంగాణ తెలుగు గురించి ఒక్క మాట విన్నారా?

వినరు, ఎందుకంటే చూపించడానికి అది లేదు.

ఇక్కడ కాస్త ఇంజనీరు మాట. పాత డెస్క్‌టాప్ మెసెంజర్ మన ముచ్చట్లను కంప్యూటర్లోనే దాచేది. ప్రోగ్రామ్ ఫైల్స్‌లో యాహూ ఫోల్డరు, అందులో మన ఐడీ పేరుతో ఒక ఫోల్డరు, లోపల ఒక్కో స్నేహితుడి పేరున డాట్ ఫైళ్లు. తెరిస్తే పిచ్చి గీతలు కనబడతాయి. అదేదో గొప్ప తాళం కాదు. ప్రతి అక్షరాన్నీ మన యూజర్ ఐడీతో ఎక్సార్ చేసేవాళ్లు, అంతే. అంటే ఆ తాళానికి తాళంచెవి మన పేరే. పది లైన్ల ప్రోగ్రాంతో విప్పొచ్చు. తాళం బలహీనం, కానీ పెట్టె మన ఇంట్లో ఉండేది. సొంత కంప్యూటర్ ఉన్నవాడి మాటలు ఎక్కడో ఒక పాత హార్డ్ డిస్కులో ఇప్పటికీ ఉండొచ్చు. సెంటర్లో కూర్చున్నవాడి మాటలు ఆ సెంటర్ మెషీన్‌తో పాటే పోయాయి, వైరస్ పడితే ఫార్మాట్, సెంటర్ మూస్తే తుక్కు. ఎవరి తెలుగు మిగిలింది, ఎవరిది పోయింది అన్నది కూడా చివరికి ఎవరింట్లో కంప్యూటర్ ఉందన్న దాని మీదే తేలింది.

తర్వాత కంపెనీ వంతు. జనం సొంతంగా తెరుచుకున్న చాట్ గదులు 2005 జూన్‌లో మూశారు. 2012 డిసెంబరులో మిగతా పబ్లిక్ గదులూ పోయాయి. పాత డెస్క్‌టాప్ ప్రోగ్రాం 2016 ఆగస్టులో, మొత్తం సర్వీసు 2018 జూలై 17న. ఆ నవంబరు దాకా చాట్ చరిత్ర దించుకోవచ్చన్నారు. కానీ సర్వర్లో ఉన్నదే దించుకోగలం, 2005 నాటి కబుర్లు చాలావరకు సర్వర్లో లేనే లేవు. 2019 డిసెంబరులో యాహూ గ్రూప్స్‌లో దాచినవి తుడిచేశారు, 2020 డిసెంబరు 15న ఆ దుకాణమూ కట్టేశారు. తెలుగు భాషా సాహిత్యాల మీద హోరాహోరీ చర్చలు నడిచిన రచ్చబండ ఆ గ్రూపుల్లోదే. ఎవరైనా శ్రద్ధగా దించి దాచుకున్నది ఉంటే ఉంది, యాహూ దగ్గర మాత్రం లేదు.

దీన్ని యూజ్‌నెట్‌తో పోల్చి చూడండి. తొంభైల్లో అమెరికా తెలుగువాళ్లు తగవులాడుకున్న ఎస్‌సీఐటీ అనే తెలుగు వార్తాగుంపు అక్కడిది. యూజ్‌నెట్ ఎవడి సొత్తూ కాదు. ఒక మెసేజ్ వందల సర్వర్లలో ఉండేది, ఎవడైనా దాచుకోవచ్చు. ఒక కంపెనీ అలా దాచింది, దాన్ని 2001లో గూగుల్ కొన్నది. అందుకే మనకన్నా పాతవాళ్ల తగాదాలు ఇవాళ్టికీ చదవొచ్చు. పాతది నిలిచి కొత్తది పోయింది.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది, రావాలి కూడా. చాట్లన్నీ దాచాలా? అవి ఇద్దరి మధ్య మాటలు కదా? ఆ గదుల్లో ఉన్నది సాహిత్యమా? కాదు. ఆ గదుల్లో సగం రోబోలు, మిగతా సగం "వయసు, ఆడా మగా, ఊరు" అని అడిగే మగవాళ్లు. ఆడపిల్లలు పేరులో ఆడతనం కనబడకుండా ఐడీలు పెట్టుకునేవాళ్లు. ఆ గదులు మూతపడినందుకు నాకు రవ్వంత బాధ లేదు. పిల్లల మీద వేటకు వాడుకుంటున్నారన్న గొడవతోనే 2005లో జనం తెరిచిన గదులు మూశారు. మెసేజులకు దారిలో రక్షణ కూడా ఉండేది కాదు. బ్రిటన్ నిఘా సంస్థ జీసీహెచ్‌క్యూ 2008లో ఆరు నెలల్లోనే 18 లక్షలమంది యాహూ వెబ్‌క్యామ్ చిత్రాలు పట్టుకుందని 2014లో గార్డియన్ బయటపెట్టింది. కాబట్టి నాకు బంగారు యుగం కథ చెప్పకండి. అందరి చాట్లూ బజార్లో పెట్టమనీ నేను అనడం లేదు. ఉత్తరాలూ ఇద్దరి మధ్యవే. గురజాడ లేఖలు, డైరీలు అచ్చయ్యాయి కాబట్టే ఆయన్ను గురించి ఇంత మాట్లాడగలుగుతున్నాం. ఉత్తరం చించాలా, ట్రంకుపెట్టెలో పెట్టాలా అన్నది అందుకున్న మనిషి తేల్చుకునేవాడు. చాట్ విషయంలో ఆ నిర్ణయం కాలిఫోర్నియాలో ఎవరో, లాభం లేదని తీసుకున్నారు. నా పేచీ ఆ ఒక్కదానితోనే.

ఇది తప్పనిసరిగా ఇలాగే జరగాల్సింది కూడా కాదు. 1999లోనే జాబర్ వచ్చింది, ఈమెయిల్లాగా ఏ సర్వరు వాళ్లైనా ఏ సర్వరు వాళ్లతోనైనా మాట్లాడుకునే పద్ధతి. అదే ఎక్స్ఎంపీపీ పేరుతో 2004లో ప్రమాణమైంది. గూగుల్ టాక్ 2005లో దాని మీదే వచ్చింది. తర్వాత 2013లో హ్యాంగౌట్స్ పేరుతో ఆ తలుపు మూసుకుంది. వాట్సాప్ కూడా మొదట్లో ఎక్స్ఎంపీపీని మార్చుకుని వాడినదే, బయటివాళ్లకు మాత్రం తలుపు తియ్యలేదు. వాట్సాప్ పెట్టిన జాన్ కూమ్, బ్రయాన్ ఆక్టన్ ఇద్దరూ యాహూలో ఏళ్లపాటు పనిచేసి వచ్చినవాళ్లే. ట్రిలియన్ అనే ప్రోగ్రాం అందరి మెసెంజర్లనూ ఒకే విండోలో చూపిస్తుంటే 2004లో యాహూ అడ్డుకుంది. ఇరవై ఏళ్ల తర్వాత, 2024 మార్చి నుంచి, పెద్ద మెసేజింగ్ కంపెనీలు అడిగినవాళ్లకు తలుపు తియ్యాలని యూరప్‌లో చట్టం పనిచేయడం మొదలైంది. ఇంజనీర్లకు ఎప్పుడో చేతనైన పనికి చట్టం కావాల్సి వచ్చింది.

ఇప్పుడు మన ఇంటి సంగతి. ఇవాళ తెలుగు సాహిత్యంలో అసలు చర్చ ఎక్కడ జరుగుతోంది? పత్రికల్లో వచ్చేది మర్యాద. ఫలానా కథ ఎందుకు తేలిపోయింది, ఫలానా అనువాదంలో ఏం పోయింది, ఎవరి కవితలో ఏ కులం మాట ఎందుకు గుచ్చుకుంది అన్న నిజమైన మాటలు వాట్సాప్ గ్రూపుల్లో నడుస్తున్నాయి. నేనున్న ఒక గ్రూపులో ఒక నవల మీద మూడు రాత్రులు నడిచిన వాదన ఈ మధ్య అచ్చయిన ఏ సమీక్షకన్నా పదునైంది. వాయిస్ మెసేజులతో సహా. అందులో సగంమంది ఎప్పుడూ వ్యాసం రాయరు, రాయమంటే మళ్లీ "ఉభయకుశలోపరి" మొదలుపెడతారు. వాళ్ల విమర్శ ఉన్నది అక్కడే. ఆ గ్రూపులో మెసేజులు తొంభై రోజులకు వాటంతటవే మాయమయ్యేలా ఎవరో సెట్టింగు పెట్టారు. ఫోన్లో జాగా నిండిపోతోందట! పుస్తకాల షెల్ఫుకు జాగా లేదని ఫ్లాట్లు మారే మనుషులు వీళ్లు.

సంపాదకులతో నాకు ఇంకా గట్టి పేచీ. చనిపోయిన రచయిత ఉత్తరాల కట్ట కోసం ఊళ్లు తిరుగుతారు, విశేష సంచికలు వేస్తారు. బతికున్న రచయితలు రోజూ రాస్తున్న వేల వాక్యాలు ఎవరి ఫోన్లో ఉన్నాయో, ఆ ఫోను పగిలితే ఏమవుతుందో అడగరు. పత్రికకో మెయిలింగ్ లిస్టు, చదవడానికి వీలైన పాత చర్చల పేజీ ఒకటి నడపడానికి నెలకు అయ్యే ఖర్చు ఒక పుస్తకావిష్కరణ సభలో శాలువాల ఖర్చుకన్నా తక్కువ. చేసిపెట్టడానికి నాలాంటివాళ్లు పాతికమంది దొరుకుతారు, అడిగితే.

అంతదాకా చేతిలో ఉన్న పని ఒకటుంది. గ్రూపు తెరిచి, పైన మూడు చుక్కలు, మోర్, ఎక్స్‌పోర్ట్ చాట్. మీడియా వద్దంటే దాదాపు 40,000 మెసేజుల దాకా మామూలు టెక్స్ట్ ఫైలుగా వస్తుంది, మీడియాతో అయితే 10,000. పెద్ద గ్రూపైతే అంతకన్నా పాతవి రావు, అందుకే ఏడాదికోసారి చేయాలి, మాయమయ్యే సెట్టింగు ముందు తీసేయాలి. ఫోన్లో సేవ్ చేసుకోని మనుషుల పేర్ల బదులు నంబర్లు పడతాయి, ఫైలు ఇంకొకరికి ఇచ్చేముందు వాటిని చెరిపేయండి. గ్రూపులో ఒక మాట చెప్పి, వద్దన్నవాళ్ల మాటలు తీసేయండి. వాయిస్ మెసేజులు టెక్స్టులో రావు, ముఖ్యమనుకున్నవి విడిగా దించాలి. ఫైలు రెండు చోట్ల పెట్టండి, ఒకటి మీది కాని ఇంట్లో.